35 జోన్‌లో 49కి టికెట్: ట్రాఫిక్ స్కూల్ కుదరదు, కోర్టులో ఎలా కొట్లాడాలి?

సన్నజాజి | 2024 మార్చి 4
అందరికీ నమస్కారం. పోయిన మంగళవారం పొద్దున పది నలభైకి, పాపను డేకేర్‌లో దింపి ఆఫీసుకి వెళ్తుంటే స్పీడింగ్ టికెట్ పడింది. కాలిఫోర్నియా బే ఏరియాలోనే. అటు మూడు లేన్లు, ఇటు మూడు లేన్లు, మధ్యలో డివైడర్ ఉన్న పెద్ద రోడ్డు. లిమిట్ గంటకి 35 మైళ్లు. కాప్ బైక్ దిగి బస్టాప్ నీడలో నిలబడి లైడార్ (లేజర్‌తో వేగం కొలిచే పరికరం) పట్టుకున్నాడు. టికెట్ మీద 49 అని రాశాడు, సెక్షన్ వీసీ (వెహికల్ కోడ్) 22350. "ఎంతలో వస్తున్నారో తెలుసా" అని అడిగితే కంగారులో "45 ఉండొచ్చు" అనేశాను.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో స్టాప్ సైన్ టికెట్‌కి ట్రాఫిక్ స్కూల్ (పాయింట్ బయటికి కనబడకుండా ఉండటానికి చేసే క్లాసు) చేశాను. 18 నెలలు కాలేదు కాబట్టి ఇప్పుడు మళ్లీ ఇవ్వరట. కోర్టు వెబ్‌సైట్‌లో 238 డాలర్లు చూపిస్తోంది. కట్టేస్తే డ్రైవింగ్ రికార్డులో పాయింట్ పడుతుంది. మావారు "కట్టేసి మర్చిపో, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పైగా మా ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉంది. కోర్టుకి వెళ్తే దాని మీద ఏమైనా పడుతుందా అని భయం. కోర్టు మెట్లెక్కడం మా ఇంటావంటా లేదు. ఎలా ముందుకెళ్లాలో చెప్పండి.

రోజూ_880 | 2024 మార్చి 4
నాట్ గిల్టీ చెప్పి ట్రయల్ అడగండి. చాలాసార్లు కాప్ రాడు, వాడు రాకపోతే కేసు కొట్టేస్తారు. నాకు 2019లో అలాగే అయింది. కుదిరితే ఒకసారి వాయిదా కూడా అడగండి.

డబ్లిన్_తాతయ్య | 2024 మార్చి 4
అమ్మా, ఆ సలహా మీద ఒక్కదాని మీదే కూర్చోవద్దు. కాప్‌లకు కోర్టు రోజులు వాళ్ల డ్యూటీలో భాగం. ఒక్కో ఆఫీసరు తన టికెట్లన్నిటికీ ఒకే రోజు వేయించుకుంటాడు. వస్తాడనే అనుకుని సిద్ధం కావాలి. రాకపోతే అది అదృష్టం.

నేను ఈ దేశం వచ్చి ఇరవై నాలుగేళ్లు. నా టికెట్లు, మా పిల్లల టికెట్లు, మా బావగారిది కలిపి ఐదు కేసులు చూశాను. కాలిఫోర్నియాలో నీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి కట్టేయడం. రెండోది నేరుగా కోర్టులో ట్రయల్. మూడోది కాగితం మీద ట్రయల్, అంటే టీఆర్-205 ఫారం నింపి నీ వాదన రాసి పంపడం. ఆఫీసరు కూడా తన వాదన రాసి పంపాలి. పంపకపోతే మామూలుగా నీవు గెలిచినట్టే. జడ్జి రెండూ చదివి తీర్పు పోస్టులో పంపుతాడు.

మూడో దారిలో ఉన్న మేలు ఏమిటంటే, ఓడిపోతే ఆటలో నుంచి పోవు. తీర్పు పోస్టు చేసిన తేదీ నుంచి 20 రోజుల్లోపు టీఆర్-220 వేస్తే మళ్లీ మొదటి నుంచి, ఈసారి మనిషిగా వెళ్లి, ట్రయల్ జరుగుతుంది. ముందు తీర్పు లెక్కలోకి రాదు. అంటే ఒకే కేసుకి రెండు అవకాశాలు. కాకపోతే 238 ముందే కట్టాలి. దాన్ని బెయిల్ అంటారు, అరెస్టు బెయిల్ అనుకుని బెదరకు. గెలిస్తే వెనక్కి ఇస్తారు.

టికెట్ మీద ఉన్న తేదీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దాటనివ్వకు. నువ్వు సంతకం చేసింది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, హాజరవుతానని మాట ఇచ్చినట్టు. ఆ మాట తప్పితే అది వేరే నేరం అవుతుంది. నీలాంటి వాళ్లకి అసలు ప్రమాదం అక్కడ.

ఓరుగల్లు_బిడ్డ | 2024 మార్చి 5
అక్కా, ఇమిగ్రేషన్ గురించి పరేషాన్ కాకు. నాది కూడా ఇదే కథ, ఇప్పుడు సిటిజన్‌షిప్ కూడా అయిపోయింది. ఐ-485 ఫారంల "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యావా, సైట్ చేశారా" అని ఉంటది. టికెట్ అంటే సైటేషనే కాబట్టి ఇంటర్వ్యూల అడిగితే దాచొద్దు, ఉన్నది చెప్పాలె. రేపు ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు)కి వచ్చేసరికి, మందు, డ్రగ్స్ సంగతి లేకుండా, అరెస్ట్ లేకుండా, ఫైన్ 500 డాలర్ల లోపు ఉంటే కాగితాలు జత చేయక్కర్లేదని ఆ ఫారం ఇన్‌స్ట్రక్షన్లల్లనే ఉంది. అయినా నేను కోర్టు నుంచి కేసు ఎట్ల ముగిసిందో రాసిన కాగితం ఒకటి తెచ్చి ఫైల్ల పెట్టుకున్న. ఆఫీసర్ అడిగిండు, చూపించిన, రెండు నిమిషాల్ల అయిపోయింది.

కొట్లాడినందుకు ఎవ్వరూ ఏమీ అనరు. నాట్ గిల్టీ అనేది నీ హక్కు. డీయూఐ (తాగి నడపడం) అయితే కథ వేరే ఉంటది, ఇది అది కాదు.

కడప_కుర్రోడు | 2024 మార్చి 5
నేను ఓడిపోయినోణ్ని, నా మాట కూడా వినండి. 40 జోన్‌లో 58కి పడింది. "రోడ్డు ఖాళీగా ఉంది, వాన లేదు, నేను జాగ్రత్తగానే నడిపినా" అని రెండు పేజీలు రాసి పంపినా. గిల్టీ. మళ్లీ కోర్టుకి పోయినా. ఆఫీసర్ వచ్చినాడు, రోడ్డు సర్వే తెచ్చినాడు, సర్వే మూడేళ్ల కిందటిది. జడ్జి రెండు నిమిషాల్లో తేల్చేసినాడు. లాయర్‌కి 350 పెట్టలేదనే సంతోషం ఒక్కటే మిగిలింది.

అప్పుడు అర్థమైంది ఏందంటే, నేను సర్వే సంగతి ముందే చూసుకోవాల్సింది. ఫోన్ చేసి అడిగింటే ఇచ్చేవాళ్లు. చూసింటే కోర్టుకి పోయేవాణ్ని కాదు, ట్రాఫిక్ స్కూల్ తీసుకునేవాణ్ని.

రోడ్ల_ఇంజినీరు | 2024 మార్చి 5
కడప తమ్ముడు సరిగ్గా చోటు చూపించాడు. నేను వేరే కౌంటీలో ట్రాఫిక్ ఇంజినీర్‌ని, ఈ సర్వేలు చేయడం నా ఉద్యోగంలో భాగం. నేను లాయర్‌ని కాను, నాకు తెలిసిన వైపు నుంచి మాత్రం చెబుతాను.

22350ని బేసిక్ స్పీడ్ లా అంటారు. ఫ్రీవే మీద 65 లాగా అది దాటితే తప్పు అనే గట్టి గీత కాదు. వాతావరణం, చూపు ఆనే దూరం, ట్రాఫిక్, రోడ్డు పరిస్థితి చూసి తగిన వేగంలో వెళ్లాలి అంటుంది. బోర్డు మీద 35 దాటితే తప్పు చేసినట్టు ప్రాథమికంగా భావిస్తారు. కాదు, నా వేగం క్షేమమైనదే అని చూపించే బాధ్యత మీది.

ఇలాంటి రోడ్డు మీద లిమిట్ ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టరు. కార్ల వేగం కొలిచి, వందలో 85 మంది ఏ వేగంలోగా వెళ్తున్నారో చూస్తాం. దాన్ని దగ్గరి ఐదుకి సవరిస్తాం. ప్రమాదాలు ఎక్కువున్నాయనో, డ్రైవర్‌కి కనబడని సమస్య ఉందనో కారణం రాసి ఇంకో ఐదు తగ్గించవచ్చు. ఇదంతా కలిపి ఇంజినీరింగ్ అండ్ ట్రాఫిక్ సర్వే.

రాడార్ గానీ లైడార్ గానీ వాడి టికెట్ రాస్తే, లిమిట్‌ని నిలబెట్టే సర్వే పాతబడి ఉండకూడదు. పాతబడితే చట్టం దాన్ని స్పీడ్ ట్రాప్ అంటుంది, ఆ సాక్ష్యం చెల్లదు. సెక్షన్ 40802 చదవండి. మామూలుగా ఐదేళ్లు. ఆఫీసర్ తగిన ట్రైనింగ్ పూర్తి చేసి, పరికరం మూడేళ్లలోపు క్యాలిబ్రేట్ అయి ఉంటే ఏడేళ్లు. ఏడు దాటాక, రోడ్డులోనూ ట్రాఫిక్‌లోనూ పెద్ద మార్పు లేదని రిజిస్టర్డ్ ఇంజినీర్ పరిశీలించి నిర్ధారిస్తే 14 ఏళ్ల దాకా. ఇదివరకు అది పదేళ్లే, 2021 నాటి ఏబీ 43 అనే రాష్ట్ర చట్టంతో పెంచారు. స్కూల్ జోన్‌కీ, ఇళ్ల మధ్య చిన్న వీధికీ ఈ రక్షణ లేదు. మీది ఆరు లేన్ల రోడ్డు కాబట్టి వర్తిస్తుంది.

సన్నజాజి గారూ, ఏ దారి అని ఈ రోజు తేల్చుకోకండి. ఊరి పబ్లిక్ వర్క్స్ వాళ్లకి పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్ పెట్టి, ఫలానా క్రాస్ రోడ్డు నుంచి ఫలానా క్రాస్ రోడ్డు దాకా సర్వే, దాన్ని పొడిగించిన కాగితాలు ఏవైనా ఉంటే అవి, రెండూ అడగండి. పది రోజుల్లో జవాబివ్వాలి. అది చేతికొచ్చాక మాట్లాడదాం.

తెనాలి_అక్క | 2024 మార్చి 6
నేను చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు. నేను ట్రామా వార్డులో నర్సుని. 35లో కారు గుద్దిన మనిషి బతికే అవకాశానికీ, 49లో గుద్దిన మనిషి బతికే అవకాశానికీ ఎంత తేడానో రోజూ చూస్తాను. పోయిన నెల వీల్‌చైర్‌లో వచ్చిన పిల్లాడి బూటు ఒకటే ఉంది, రెండోది రోడ్డు మీదే పడిపోయింది. వాళ్లమ్మ ఆ ఒక్క బూటునే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నువ్వే 45 అని ఒప్పుకున్నావు కదమ్మా. సర్వే పాతదని తప్పించుకుంటే నీ వేగం తగ్గినట్టా?

సన్నజాజి | 2024 మార్చి 6
అక్కా, మీరు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నా వేగం తప్పే, దాన్ని సమర్థించుకోను. ఆ రోజు నుంచి ఆ రోడ్డు మీద క్రూయిజ్ కంట్రోల్ పెట్టుకునే వెళ్తున్నాను. కానీ 35 అనే బోర్డు సరైన లెక్క మీద పెట్టారా లేదా అని అడిగే హక్కు కూడా నాకు ఉందనిపిస్తోంది. రికార్డ్స్ రిక్వెస్ట్ ఈ రోజే పెట్టాను.

డబ్లిన్_తాతయ్య | 2024 మార్చి 6
ఇద్దరూ చెప్పింది నిజమే. ఒకటి ఆలోచించండి. ఊరివాళ్లు సర్వే కొత్తగా చేయించకపోతే, ఆ రోడ్డు మీద ఇప్పుడు ఎవరు ఎంత వేగంలో వెళ్తున్నారో, ఎవరు ఎక్కడ దాటుతున్నారో వాళ్లకే తెలియదు. ఆ నియమం పెట్టింది దానికే.

సన్నజాజి | 2024 మార్చి 15
తొమ్మిదో రోజున పీడీఎఫ్ పంపారు. నాలుగు పేజీలు. సర్వే తేదీ 2015 మే. 85 శాతం మంది వేగం 42. పెట్టిన లిమిట్ 35, "డ్రైవ్‌వేలు ఎక్కువ" అని కారణం. పొడిగింపు కాగితం ఏదీ లేదు. అడిగితే "మా దగ్గర ఉన్నవన్నీ పంపాం" అని మెయిల్ ఇచ్చారు.

ఇంకోటి. సర్వేలో రోడ్డుకి తూర్పు పక్క "గోదాములు, ఖాళీ స్థలం" అని ఉంది. ఇప్పుడు అక్కడ నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు, కింద కాఫీ షాపు, డేకేర్. మా పాప డేకేర్ అదే! 2019లో తెరిచారు.

రోడ్ల_ఇంజినీరు | 2024 మార్చి 15
తొమ్మిదేళ్ల సర్వే, పొడిగింపు లేదు, పక్కన కట్టడాలు మారాయి. మీకు బలమైన కేసు ఉంది. కానీ ఒక హెచ్చరిక. "నా వేగం క్షేమమే" అనే వాదన మీద ఆధారపడకండి. 42 అంటే వందలో 85 మంది 42లోగానే వెళ్లారు. మీరు 49, ఆ గుంపుకి పైన ఉన్నారు. అది మీకు సాయపడదు, ఎదురు తిరుగుతుంది. సర్వే వయసు ఒక్కటే పట్టుకోండి.

సన్నజాజి | 2024 మార్చి 16
టీఆర్-205లో 45 అన్నానని రాయాలా?

డబ్లిన్_తాతయ్య | 2024 మార్చి 16
రాయక్కర్లేదు, అబద్ధమూ ఆడొద్దు. ఆ ఫారం కింద ఇదంతా నిజమని సంతకం పెడతావు, అబద్ధమైతే అదే పెద్ద నేరం. "నేను 35లోనే వెళ్తున్నాను" అని రాశావో, నువ్వు రోడ్డు మీద అన్నమాట ఆఫీసరు నోట్సులో ఉంటుంది, ఇక నీ మిగతా మాటలు కూడా నమ్మరు. వేగం ఊసే ఎత్తకు. "ఈ రోడ్డుకి 40802 ప్రకారం చెల్లే సర్వే లేదు, ఇదిగో ఊరివాళ్లు పంపిన కాగితం, ఇదిగో ఇంకేమీ లేదన్న మెయిల్" అని ఒక్క పేజీ చాలు. ఫోటోలు రెండు జత చేయి, వెనక తేదీ రాయి. జడ్జి దగ్గర ఆ రోజు ఇలాంటివి కట్టలు కట్టలు ఉంటాయి, ముప్పావు పేజీ అయితే ఇంకా మంచిది.

కడప_కుర్రోడు | 2024 మార్చి 16
అక్కా, పంపేది సర్టిఫైడ్ మెయిల్‌లో పంపు. రసీదు దాచి పెట్టు.

రోజూ_880 | 2024 మార్చి 17
ఇన్సూరెన్స్ సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి. పాయింట్ మూడేళ్లు రికార్డులో ఉంటుంది. ఒక్క పాయింట్‌తో గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ పోదు, రెండోది పడితే పోతుంది. ఆ డిస్కౌంట్ కనీసం 20 శాతం. రేటు మాత్రం ఒక్క పాయింట్‌కే పెరగొచ్చు. మీ ఏజెంట్‌ని పేరు చెప్పకుండా "ఒక పాయింట్ పడితే ఎంత" అని అడిగి చూడండి, 238 చిన్న మొత్తంలా అనిపిస్తుంది.

సన్నజాజి | 2024 ఏప్రిల్ 22
అడిగాను. మాకు ఏడాదికి నాలుగు వందల పైన పెరుగుతుందట, మూడేళ్లు. మావారు ఆ మాట వినగానే తనే ప్రింటర్ దగ్గర కూర్చున్నారు. టీఆర్-205, చెక్కు పంపాం.

సన్నజాజి | 2024 జూలై 13
గిల్టీ. కవర్ చింపుతుంటే చేతులు వణికాయి. కారణం ఏమీ రాయలేదు, ఒక గడిలో టిక్ మాత్రమే. ఆఫీసర్ తన వాదన పంపాడు. వదిలేద్దామా అనిపిస్తోంది.

కడప_కుర్రోడు | 2024 జూలై 13
నాకు ఇట్లే వచ్చింది అక్కా. కానీ నా సర్వే కొత్తది, నీది కాదు. వదలొద్దు.

డబ్లిన్_తాతయ్య | 2024 జూలై 13
కాగితం మీద ఓడినవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కవర్ మీద తేదీ చూడు, నువ్వు అందుకున్న రోజు కాదు, వాళ్లు పోస్టు చేసిన రోజు నుంచి 20 రోజులు. క్యాలెండర్ రోజులు, సెలవులు తీసేయకు. టీఆర్-220 కోర్టు కౌంటర్‌లో ఇచ్చి, నీ కాపీ మీద స్టాంపు వేయించుకో. వాళ్లకి అందిన 45 రోజుల్లో ట్రయల్ పెడతారు.

ఇంగ్లిష్‌లో మాట తడబడుతుందని భయమైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు, ఖర్చు కోర్టుదే. మా బావగారికి అడిగాం. తెలుగువాళ్లు దొరకడం కష్టం కాబట్టి ముందే రాసిచ్చాం. ఫోన్‌లో ఒకావిడ వచ్చింది, ఏలూరు యాస. బావగారు ఆమెతో ముందు వాళ్ల ఊరి సంగతులు మొదలుపెడితే జడ్జి ఆపాల్సి వచ్చింది.

ఓరుగల్లు_బిడ్డ | 2024 ఆగస్టు 27
అక్కా ఎల్లుండే కదా. ఆఫీసర్‌ని నీకు జవాబు తెల్వని ప్రశ్న ఏదీ అడగకు. లైడార్ ఎట్ల పనిచేస్తది, నువ్వు ఎంత దూరంల నిలబడ్డవ్ అసొంటివి వద్దు. అవన్నీ వాళ్లకి కంఠస్థం.

సన్నజాజి | 2024 ఆగస్టు 29
ఇంటికి వచ్చాను. మొత్తం రాస్తాను, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది.

ఒంటి గంటన్నరకి పిలిచారు. దాదాపు ఇరవై మందిమి. ముందు అందరితో ప్రమాణం చేయించారు. వచ్చింది జడ్జి కాదు, కమిషనర్. సరేనా అని కాగితం మీద సంతకం అడిగారు, పెట్టాను. ముగ్గురి ఆఫీసర్లు రాలేదు, వాళ్ల కేసులు పేర్లు పిలవగానే కొట్టేశారు. నా ఆఫీసర్ వచ్చాడు, ముందు వరసలో కూర్చున్నాడు, ఒళ్లో నీలం ఫోల్డర్.

అతను చెప్పింది మూడు నిమిషాలు. రోడ్డు పేరు, ట్రైనింగ్, ఆ రోజు పొద్దున లైడార్ పరీక్షించానని, కంటితో చూసి 50 అనుకున్నానని, లైడార్ 49 చూపిందని, నేను 45 అన్నానని. అన్నీ నిజమే. అతను మర్యాదస్తుడు, ఒక్క మాట కూడా పెంచి చెప్పలేదు.

"ప్రశ్నలున్నాయా" అన్నారు. రెండే అడిగాను. మీరు ఆధారపడిన సర్వే చూపిస్తారా అన్నాను. ఫోల్డర్‌లోంచి సర్టిఫైడ్ కాపీ తీసి ఇచ్చాడు. 2015 మే, నా దగ్గరున్నదే. ఏడేళ్లు దాటాక పొడిగించిన ఇంజినీర్ కాగితం ఉందా అన్నాను. ఫోల్డర్ మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. మళ్లీ ఒకసారి తిప్పాడు. "నా దగ్గర లేదు" అన్నాడు.

అప్పుడు ఊరివాళ్ల మెయిల్, అపార్ట్‌మెంట్ల ఫోటోలు ఇచ్చి, 40802 ప్రకారం ఈ సర్వే చెల్లదని ఒక్క వాక్యం చదివాను. రాసుకుని వెళ్లాను, లేకపోతే మాట వచ్చేది కాదు. కమిషనర్ పక్కనున్న పుస్తకం తీసి చదువుకున్నారు. హాల్లో ఎవరూ కదల్లేదు. తల ఎత్తి "డిస్మిస్డ్, బెయిల్ వాపస్" అన్నారు. నాకు వెంటనే అర్థం కాక అక్కడే నిలబడ్డాను. క్లర్క్ "మీరు వెళ్లొచ్చు" అని రెండుసార్లు చెప్పింది.

బయట పార్కింగ్‌లో ఆఫీసర్ ఎదురయ్యాడు. "మంచి హోంవర్క్ చేశారు, ఆ సర్వే గురించి మా సార్జెంట్‌కి చెబుతాను" అన్నాడు.

రోడ్ల_ఇంజినీరు | 2024 ఆగస్టు 29
చాలా సంతోషం! చెక్కుకి ఆరేడు వారాలు పట్టొచ్చు. అడ్రస్ మారితే కోర్టుకి చెప్పండి. కేసు కొట్టేసినట్టు కాగితం ఒక కాపీ తీసుకుని ఐ-485 ఫైల్‌లో పెట్టండి.

తెనాలి_అక్క | 2024 ఆగస్టు 30
సన్నజాజి, నేను ఆ రోజు గట్టిగా మాట్లాడాను. మాట వెనక్కి తీసుకోను గానీ, నువ్వు కోర్టులో ఏదీ దాచకుండా నిలబడటం చూసి గౌరవం పెరిగింది. డేకేర్ ఎదురుగా రోడ్డు దాటడానికి సిగ్నల్ ఉందా?

సన్నజాజి | 2024 ఆగస్టు 30
లేదక్కా. చారలు కూడా లేవు, రెండు బ్లాకుల అవతల ఉంది. ఊరి ట్రాఫిక్ విభాగానికి నిన్న రాత్రే రాశాను, కొత్త సర్వే చేయమని, అక్కడ క్రాసింగ్ పెట్టమని. డేకేర్ తల్లిదండ్రులు పదకొండు మంది సంతకం చేశారు. మీరు కూడా చూసి సరిదిద్దుతారా?

తెనాలి_అక్క | 2024 ఆగస్టు 30
పంపు. ఈ రాత్రికే చూస్తాను.

కొత్తగా_వచ్చా | 2024 సెప్టెంబర్ 8
అన్నలూ అక్కలూ, ఈ చర్చ మొత్తం చదివాను. నాది 22349, ఫ్రీవే మీద 65లో 81. నేను కూడా సర్వే అడగనా?

రోడ్ల_ఇంజినీరు | 2024 సెప్టెంబర్ 8
అడగకండి తమ్ముడూ, మీకు పనికిరాదు. 65 రాష్ట్రం మొత్తానికి చట్టంలోనే ఉన్న గరిష్ఠ పరిమితి, దానికి సర్వే అక్కర్లేదు. సన్నజాజి గారి వాదన మీ కేసులో నిలవదు. 16 మైళ్లు ఎక్కువ కాబట్టి ఫైన్ 367 దగ్గర ఉంటుంది. గత 18 నెలల్లో ట్రాఫిక్ స్కూల్ చేయలేదా?

కొత్తగా_వచ్చా | 2024 సెప్టెంబర్ 8
లేదన్నా, ఇదే మొదటిది.

డబ్లిన్_తాతయ్య | 2024 సెప్టెంబర్ 8
అయితే నాయనా, నీకు ట్రాఫిక్ స్కూలే దారి. పాతిక మైళ్ల కంటే ఎక్కువ దాటలేదు కాబట్టి కౌంటర్‌లోనే ఇస్తారు. పాయింట్ ఇన్సూరెన్స్ వాళ్లకి కనబడదు. టికెట్ మీద తేదీ ఎప్పుడుందో ముందు అది చెప్పు.